ఆలస్యానికి తేదీ వేయని మనం

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారం తిరక్కుండానే వాళ్లలో నలుగురు చనిపోయారు. మిగిలిన 30 మందిని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించి చూశారు. అప్పుడు మనం ఊరుకోలేదు. జిల్లా అంతా మాట్లాడింది. పత్రికలు ప్రముఖంగా రాశాయి, ప్రభుత్వం విచారణ వేసింది, ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలూ డబుల్ బెడ్‌రూం ఇల్లూ ప్రకటించింది. పోయిన ప్రాణానికి అవి సాటిరావు. అయినా తప్పు జరిగిందని నలుగురి ముందు ఒప్పుకున్నారు.

ఆ ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న మన హయత్‌నగర్‌లో రొమ్ములో గడ్డతోనో, నోట్లో పుండుతోనో, తగ్గని దగ్గుతోనో నెలల తరబడి క్లినిక్కుల చుట్టూ తిరిగి, చివరికి "ముందే తీసుకురావాల్సింది" అన్న మాట విని ఇంటికొచ్చినవాళ్లు ఎంతమంది? మన దగ్గర లెక్క లేదు. వాళ్ల కోసం ఎవరూ రోడ్డెక్కలేదు. ఇబ్రహీంపట్నం చావులకు ఒక తేదీ ఉంది, ఒక ఆసుపత్రి ఉంది. ఆలస్యంగా బయటపడ్డ క్యాన్సర్‌కు అవి ఉండవు. ఆ ఆలస్యం నెలల మీద పరుచుకుని, పది చేతులు మారి వస్తుంది. ఆ పది చేతుల్లో మన చెయ్యి కూడా ఉంది. ఇక్కడ రాస్తున్నది దాని గురించే.

పెద్దాసుపత్రికి వచ్చే రోగి పక్కన బట్టల షాపు కవరు ఒకటి ఉంటుంది. ఒకసారి దాన్ని విప్పి చూడండి. అడుగున కత్తెరతో కోసి ఇచ్చిన మాత్రల స్ట్రిప్పులు, మందు పేరు సగం తెగిపోయి. చిన్న చీటీ మీద మూడు మందులు, ఒక ఇంజెక్షన్, కింద గీత లాంటి సంతకం. రోగం పేరుండదు, తేదీ ఉండదు. చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసిన పాత ఎక్స్‌రే ఉంటుంది, దాని రిపోర్టు మాత్రం ఎక్కడో పోయింది. షుగరు, థైరాయిడ్, టైఫాయిడ్ పరీక్షల కాగితాలు బొత్తిగా ఉంటాయి. ఎవరికి మొదట చూపించారు, వాళ్లు ఏమని అనుమానించారు, పెద్ద పరీక్ష ఎప్పుడు చేయించుకోమన్నారు, అసలు చేయించుకోమన్నారా? ఆ కవరులో ఈ ప్రశ్నలకు జవాబు ఒక్కటీ దొరకదు. వైద్యం చేయబోయే డాక్టరుకూ దొరకదు, రేపు కేసు వేస్తే తీర్పు చెప్పాల్సినవాళ్లకూ దొరకదు.

మొదటి తప్పు మన ఇళ్లలో జరిగింది. గడ్డ చేతికి తగిలిన రోజు ఇంట్లో ఆడమనిషి ఎవరికీ చెప్పలేదు. పిల్లల పరీక్షలు అయిపోనీ అనుకుంది, చెల్లెలి పెళ్లి కానీ అనుకుంది. చెప్పిన రోజు మనం ఏమన్నాం? "నొప్పి లేదు గదా, ఏం గాదు తియ్యి." రొమ్ములో వచ్చే క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడం మనకు ధైర్యం ఇచ్చింది. అది భయపడి వెంటనే కదలాల్సిన గుర్తు అని ఏ తల్లీ బిడ్డకు చెప్పలేదు, ఏ బడిలోనూ చెప్పలేదు. మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించే రక్తం, మలంలో రక్తం, మందులకు లొంగని దగ్గు, కారణం లేకుండా తగ్గే బరువు: ఇవన్నీ చూపించుకోవాల్సిన గుర్తులని మనలో చదువుకున్నవాళ్లకు తెలుసు. తెలిసినా పక్కింటివాళ్లకు చెప్పలేదు. అడిగితే ఏమనుకుంటారో అని మర్యాద పాటించాం.

రెండో తప్పు మనం ఎవరిని మంచి డాక్టరు అన్నామో అక్కడ ఉంది. గల్లీలో ఆర్‌ఎంపీ "కొవ్వు గడ్డ, కోర్సు వాడమ్మా, కరిగిపోతది" అంటే ఆయన చెయ్యి మంచిదన్నాం. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే, అప్పు పెట్టేదీ ఆయనే, అది నిజం. కానీ గడ్డ కరగదని, ముక్క పరీక్ష చేస్తే తప్ప అదేమిటో ఎవరూ చెప్పలేరని చెప్పిన ఎంబీబీఎస్ డాక్టరును మాత్రం "కమీషన్ కోసం రాసిండు" అన్నాం. "నా చేతిలో లేదు, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోండి" అని నిజాయితీగా పంపినవాడిని "చేతగాక పంపిండు" అని పదిమందికి చెప్పాం. కమీషన్లు తీసుకునేవాళ్లు ఉన్నారు, ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. అయినా పంపించే డాక్టరు దగ్గర జనం తగ్గి, ఇంజెక్షన్ ఇచ్చి ఉంచుకునే డాక్టరు దగ్గర జనం పెరిగారంటే, ఆలస్యానికి బహుమతి ఇచ్చింది మనమే. ముక్క తీస్తే రోగం ఒళ్లంతా పాకుతుందన్న మాటను ఆధారం లేకుండా ఇంటింటికీ మోసిందీ మనమే.

దగ్గుతో రాగానే ఎక్స్‌రే తీసి, మచ్చ కనబడితే టీబీ మందులు మొదలుపెట్టడం మన దేశంలో కొత్త కాదు. టీబీ ఎక్కువ ఉన్న దేశంలో ఆ అనుమానం సహజం. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. తెమడ పరీక్షలో టీబీ క్రిములు కనబడకపోయినా, రెండు నెలల మందులకు గుణం కనబడకపోయినా, "ఇంకేమైనా ఉందేమో" అని తిరిగి అడగకపోవడం తప్పు. డాక్టరు అడగలేదు, మందుల షాపువాడు అవే మందులు మళ్లీ ఇచ్చాడు, మనం మళ్లీ కొనుక్కున్నాం. మలంలో రక్తం విషయంలోనూ అంతే. హైవే స్తంభాలకు వేలాడే మొలల ఆపరేషన్ బోర్డు చూసి లోపలికి పోయాం. వేలితో లోపల ఒక్కసారి పరీక్ష చేసి చూశారా అని అడగడం మనకు సిగ్గు, చేయడం వాళ్లకు పని పెరగడం.

ఇక ఆడవాళ్ల విషయంలో మనం చేసింది క్షమించరానిది. గర్భసంచి తొలగింపు దేశంలో అందరికన్నా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు మళ్లీ మళ్లీ చెప్పాయి. తెల్లబట్ట అయినా, ముట్ల నొప్పి అయినా "తీసెయ్యకపోతే క్యాన్సర్ అయితది" అని భయపెట్టి చిన్న వయసు అమ్మలకు ఆపరేషన్లు చేశారు. క్యాన్సర్ పేరు చెప్పి కోసినచోట క్యాన్సర్ పరీక్ష చేయలేదు. గర్భాశయ ముఖద్వారాన్ని ముందుగా పరీక్షించకుండా సంచి తీసేస్తే, అప్పటికే అక్కడ క్యాన్సర్ ఉన్నవాళ్లకు సరైన వైద్యం చేసే అవకాశమే దెబ్బతింటుంది. అదే సర్వే 2019-21లో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. ఆపరేషన్‌కు వెనకాడని మనం పరీక్షకు వెనకాడాం.

చిన్న నర్సింగ్‌హోముల్లో గడ్డ తీసి పారేయడం కూడా ఇలాంటిదే. తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబ్‌కు పంపాలి. చాలాచోట్ల ఆ సీసాను రోగి తరఫున వచ్చినవాళ్ల చేతికే ఇస్తారు. మూత మీద తెల్ల ప్లాస్టరు, దాని మీద బాల్‌పెన్నుతో పేరు. "ఇది ల్యాబ్‌ల ఇచ్చి రండి" అంటారు. ఆ ల్యాబ్ ఖర్చు ఎందుకని మనం అడిగాం, అవసరం లేదులెండి అని వాళ్లన్నారు. ఇచ్చినచోట కూడా వారం తర్వాత రిపోర్టు తెచ్చుకోవడానికి ఎవరూ పోలేదు. కుట్లు విప్పారు, గాయం మానింది, మరిచిపోయాం. అదే చోట మళ్లీ గడ్డ లేచాక గానీ ఆ కాగితం గుర్తుకురాలేదు. రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే రోగికి ఫోన్ చేసి చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో ఆ ల్యాబూ రాసుకోలేదు, ఆ నర్సింగ్‌హోమూ రాసుకోలేదు. మనం అడగనూ లేదు.

రిపోర్టు వచ్చాక మన ప్రేమ ఇంకో అన్యాయం చేసింది. "ఆమెకు చెప్పకండి సార్, తట్టుకోలేదు" అని గది బయటే డాక్టరును ఆపాం. కెమో ఎందుకో, రేడియేషన్ కరెంటు ఎందుకు పెట్టిస్తున్నారో తెలియకుండానే ఆమె ఆసుపత్రి మెట్లెక్కింది. తన ఒంట్లో ఏముందో తెలియని మనిషి తనకు జరిగిన ఆలస్యం గురించి ఎవరిని అడుగుతుంది? మొదటిసారి ఏ డాక్టరుకు చూపించిందో, ఆయన ఏమన్నాడో కచ్చితంగా గుర్తున్నది ఆమె ఒక్కదానికే. ఆమెను అడగకుండానే పంపించేశాం.

ఇప్పుడు న్యాయం సంగతి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995 నవంబర్ 13న వి.పి.శాంత కేసులో తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మాత్రం బయట ఉంచింది. అంటే సర్కారు దవాఖానాలో ఆలస్యం జరిగిన పేదవాడికి ఆ దారి మూసుకుపోయింది, సివిల్ కోర్టో ఎక్స్‌గ్రేషియానో మిగిలింది. ఇంత పెద్ద తేడాను సరిచేయమని ఈ మూడు దశాబ్దాల్లో మనం ఏ ఎమ్మెల్యేనూ ఏ ఎంపీనీ అడగలేదు.

రోగాన్ని గుర్తించని తప్పు మీద దేశమంతా చెప్పుకునే తీర్పు ఒకటి హైదరాబాద్ నుంచే వెళ్లింది. 2002 జులైలో చలిజ్వరంతో ఉన్న భార్యను ఒకాయన నగరంలోని ఆసుపత్రిలో చేర్పించాడు. ఆయన మలేరియా శాఖలోనే అధికారి. ఆసుపత్రిలో టైఫాయిడ్‌కు మందులిచ్చారు, ఉన్నది మలేరియా. నాలుగు రోజులకే వేరే ఆసుపత్రికి మార్చినా ఆమె బతకలేదు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది, రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ ఆ కొట్టివేతనే సమర్థించింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది. కిషన్‌రావు కేసుగా వకీళ్లకు అది కంఠస్థం. ఒక్క మనిషి దాదాపు ఎనిమిదేళ్లు పట్టుదలగా నిలబడితే దేశానికంతటికీ ఒక మార్గం ఏర్పడింది. క్యాన్సర్ విషయంలో మన ప్రాంతం నుంచి అలా నిలబడినవాళ్ల పేరు మనలో ఎవరం చెప్పగలం?

నిలబడకపోవడానికి కారణాలున్నాయి. ఆ జ్వరంలో రోగానికీ చావుకూ మధ్య రోజులే. క్యాన్సర్‌లో నెలలు. ఆ నెలల ముందు రోగం ఏ స్టేజీలో ఉంది, అప్పుడే పట్టుకుని ఉంటే బతికేదా అని చట్టం అడుగుతుంది. ఇంగ్లండ్‌లో ఒకాయన చంక కింద గడ్డ చూపిస్తే కుటుంబ డాక్టరు కొవ్వు గడ్డే అన్నాడు. తొమ్మిది నెలల ఆలస్యం తర్వాత అది లింఫోమా అని తేలింది. ఆ ఆలస్యం వల్ల నయమయ్యే అవకాశం 42 శాతం నుంచి 25 శాతానికి పడిపోయిందని కోర్టు అంగీకరించింది. అయినా మొదట్లోనే సగం కన్నా తక్కువ ఉంది కాబట్టి పరిహారం రాదని 2005లో గ్రెగ్ వర్సెస్ స్కాట్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు ఇద్దరుగా విడిపోయి తీర్పిచ్చింది. పరిహారం ఇవ్వాలన్న ఆ ఇద్దరి మాట నాకు న్యాయంగా కనిపిస్తుంది. నూటికి 17 పాళ్లు బతికే అవకాశం పోగొట్టుకున్న మనిషికి పోయిందేమీ లేదనడం ఎలా?

గడువు ఇంకో అడ్డంకి. మన వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకు రెండేళ్లు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ ఆ కారణం చూపించాల్సింది మనమే. అమెరికాలో లావెర్న్ విల్కిన్సన్ అనే తల్లికి 2010లో తీసిన ఛాతీ ఎక్స్‌రేలో అనుమానించాల్సిన మచ్చ కనబడినా ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలిసేసరికి రోగం ముదిరింది, కేసు వేసే గడువు తీరిపోయింది. 2013లో ఆమె చనిపోయింది. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి పోరాడి, క్యాన్సర్‌ను గుర్తించని కేసుల్లో గడువు ఆ తప్పు తెలిసిన నాటి నుంచి లెక్కపెట్టేలా న్యూయార్క్ రాష్ట్ర చట్టాన్ని 2018లో మార్పించారు. ఆ చట్టాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు.

మన దగ్గర ఏం జరుగుతుంది? మనిషి పోయాక కడుపు మండి ఆసుపత్రి అద్దాలు పగలగొడతాం. డాక్టర్ల మీద దాడులను నేరంగా చూసే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చిందంటే మన తీరు ఎలా ఉందో తెలుస్తుంది. ఆ తర్వాత కులపెద్దో పార్టీ నాయకుడో మధ్యలో కూర్చుంటాడు. గేటు దగ్గరే బేరం కుదురుతుంది. కాగితం మీద సంతకాలవుతాయి, నోళ్లు మూతపడతాయి. ఎక్కడ తప్పు జరిగిందో ఆ ఆసుపత్రి నేర్చుకోదు, పక్క ఆసుపత్రికి తెలియదు. మరునాడు అదే కుర్చీలో ఇంకో ఆడమనిషి అదే మాట వింటుంది. కొడతారన్న భయం ఉన్న డాక్టరు తన తప్పు చెప్పడు, తోటి డాక్టరు తప్పుకు సాక్ష్యం చెప్పడానికి రాడు. నిజం దాచడానికి కావలసిన భయాన్ని మనమే సమకూర్చాం.

పత్రికల్లో రాసే మావాళ్ల సంగతీ చెప్పాలి. అద్దాలు పగిలితే ఫోటో వేశాం. బేరం కుదిరాక మళ్లీ ఆ వార్త వెంట పోయి చూడలేదు. ఆదివారం సంచికలో ఆసుపత్రుల ప్రకటనల పక్కన క్యాన్సర్ మీద వ్యాసాలు వేశాం గానీ, మన బస్తీ దవాఖానాలో రొమ్ము పరీక్ష చేస్తున్నారా లేదా అని ఎవరమూ వెళ్లి చూసి రాయలేదు.

కాలనీ సంఘాల్లో కూర్చునేవాళ్లమూ అంతే. సీసీ రోడ్డు అడిగాం, డ్రైనేజీ అడిగాం, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు మెట్రో అడిగాం. మంచిదే. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష దగ్గరలోనే జరగాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి ప్రశ్నల ఫారం నింపాలి, అనుమానం ఉన్నవాళ్లను పైకి పంపాలి. ఆమె వస్తే గేటు దగ్గరే నిలబెట్టి "మా ఇంట్ల అందరూ మంచిగనే ఉన్నరు" అని పంపించేశాం. పరీక్షకు ఒక గది, ఒక తెర, ఒక నర్సు కావాలని ఏ సంఘమూ వినతిపత్రం ఇవ్వలేదు. దూరం అనడానికీ లేదు. 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి వెళ్లొచ్చు. 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువ నమోదైంది హైదరాబాద్‌లోనే. ఇంత దగ్గర్లో రోగమూ ఉంది, వైద్యమూ ఉంది. మధ్యలో ఆలస్యాన్ని పెట్టుకున్నాం.

ఆలస్యం తప్పించలేనిది కాదని మన దేశంలోనే రుజువైంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ల పాటు సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం చేసింది. అందులో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. పెద్ద యంత్రాలు లేవు. రోగం ముదరకముందే బయటపడింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. ఆ పని చేసింది మన ఆశా కార్యకర్తల లాంటి ఆడవాళ్లే.

కాబట్టి చేయాల్సినవి తెలియనివి కావు. ఏ చీటీ తీసుకున్నా తేదీ, అనుమానించిన రోగం పేరు రాయమని అడగాలి. రాయనంటే ఇంటికొచ్చి మనమే రాసుకోవాలి. ఒంట్లోంచి ఏ ముక్క తీసినా అది ల్యాబ్‌కు పోవాలి, రిపోర్టు చేతికి వచ్చేదాకా వైద్యం పూర్తి కాలేదనుకోవాలి. రెండు వారాల మందుకు తగ్గకపోతే "ఇంకేమై ఉండొచ్చు సార్" అని అడగాలి. ఆసుపత్రి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచి చెబుతోంది, అడగాలి. రోగికి తన రోగం చెప్పాలి. అన్యాయం జరిగిందనిపిస్తే అద్దాల జోలికి పోకుండా రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. వైద్యానికి కట్టిన డబ్బు 5 లక్షలు దాటకపోతే అక్కడ ఫీజు లేదు. తన కేసు తనే చెప్పుకోవచ్చు.

ఈ కేసులు డాక్టర్ల మీద పగ తీర్చుకోవడానికి కావు. ఏ రోజు ఎవరు ఏం చూశారు, ఏం చూడలేదు అన్నది ప్రమాణం చేసి చెప్పించడానికి మనకు తేలిగ్గా అందే చోటు కమిషనే. అక్కడ ఓడిపోయిన కేసు కూడా ఆలస్యం ఎక్కడ జరిగిందో రాసిపెడుతుంది. గేటు దగ్గర గెలిచిన బేరం ఏదీ రాసిపెట్టదు. వచ్చే వార్డు సమావేశంలో బస్తీ దవాఖానాలో వారానికో రోజు నోరు, రొమ్ము, ముఖద్వారం పరీక్షలు మూడూ జరగాలని తీర్మానం చేయిద్దాం. మన ఇంట్లో 30 దాటిన ప్రతి ఒక్కరినీ ఆ రోజు పంపుదాం. ఇవి చేయకుండా ఇంకో ఇంట్లో ఇదే జరిగితే, విధి అనడానికీ డాక్టరు అనడానికీ మనకు హక్కు ఉండదు. జవాబు చెప్పాల్సిన వరుసలో ముందు నిలబడాల్సింది మనమే.